మన రాష్ట్రానికి జెండా ఉందా? ముద్రలో ఆ కుండ ఎందుకు?

కందుకూరు కుర్రోడు
మా ఊళ్లో చందాలు వేసుకుని గ్రంథాలయానికి ఒక గది కట్టుకున్నాం. నవంబర్ 1న తెరవాలని అనుకున్నాం. ముందు గోడ మీద రాష్ట్ర చిహ్నం వేయించాలని కొందరు, రాష్ట్ర జెండా ఎగరేయాలని కొందరు, రెండు రోజులుగా ఇదే గొడవ. అసలు ఆంధ్రప్రదేశ్‌కి జెండా అంటూ ఒకటి ఉందా? నెట్‌లో వెతికితే తెల్ల గుడ్డ మీద ముద్ర ఉన్న బొమ్మ ఒకటి వస్తోంది, అది నిజమో కాదో తెలియడం లేదు. ముద్ర సంగతీ అంతే. మా వైపు ఒకే వీధిలో ఒక ఆఫీసు బోర్డు మీద పాతది, పక్క ఆఫీసు బోర్డు మీద కొత్తది. పిల్లలు ఏది చూసి గీయాలి? అన్నిటికన్నా నాకు బాధగా ఉన్నది వేరే. కుండ ఉంది, చక్రం ఉంది, సింహాలున్నాయి. మన నెల్లూరు, ప్రకాశం అందులో ఎక్కడున్నాయి? ఎద్దు లేదు, పెన్న లేదు, పొట్టి శ్రీరాములు గారు లేరు. రాష్ట్రం కోసం ప్రాణం ఇచ్చిన ఆ మనిషి పేరు పెట్టుకున్న జిల్లా మన నెల్లూరు. తెలిసినవాళ్లు చెప్పండి.

కోర్టువీధి సుజాత
జెండా లేదు. నువ్వు నెట్‌లో చూసింది ఎవరో తయారు చేసిన బొమ్మ. మన దేశంలో ఇప్పుడు ఏ రాష్ట్రానికీ చట్టం గుర్తించిన సొంత జెండా లేదు. జమ్మూ కశ్మీర్‌కి ఒకటి ఉండేది, ఎర్ర గుడ్డ మీద నాగలి, మూడు నిలువు చారలు. 2019తో అదీ పోయింది. కాబట్టి మీరు ఎగరేయాల్సింది మూడు రంగుల జెండానే, అందులో తగాదా అక్కర్లేదు.

కందుకూరు కుర్రోడు
మరి కర్ణాటకలో పసుపు ఎరుపు జెండా ఎగరేస్తారుగా అక్కా?

బెంగళూరు నెల్లూరోడు
ఎగరేస్తారు, నేను ప్రతి ఏడూ చూస్తాను. నవంబర్ 1 వాళ్లకి కూడా రాష్ట్ర అవతరణ రోజే, 1956లో మనతో పాటే. ఆ రోజు బెంగళూరులో ఆటో మీద, కూరగాయల బండి మీద, ఆఫీసు గేటు మీద ఎక్కడ చూసినా అదే జెండా. పసుపు, కుంకుమ అంటారు. 1960ల్లో మ. రామమూర్తి అనే కన్నడ ఉద్యమకారుడు తయారు చేసిన జెండా అది. ప్రభుత్వ జెండా కాదు, జనం జెండా. 2018 మార్చిలో వాళ్ల ప్రభుత్వం మధ్యలో తెలుపు, దాని మీద గండభేరుండం, అంటే రెండు తలల పక్షి, పెట్టి కొత్తది తయారు చేసి కేంద్రానికి పంపింది. అనుమతి రాలేదు. జనం ఇప్పటికీ పాతదే కడతారు. నాకు మాత్రం ఆ రోజు మన ఊరు గుర్తొచ్చి కడుపులో ఏదో అవుతుంది. అదే రోజు మనకీ పండగే, మన వీధుల్లో ఏమీ కనపడదు.

ఉదయగిరి కోట
కనపడకపోవడానికి కారణం ఉంది అన్నా. మనకి ఏ రోజు చేసుకోవాలో కూడా తేలలేదు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబర్ 1న తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్, 2014లో మళ్లీ విడిపోయాం. శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబర్ 15న చనిపోయింది మొదటి రాష్ట్రం కోసం. రోజే తేలనప్పుడు జెండా ఎక్కడ తేలుతుంది?

కావలి పిల్ల
ముద్ర గురించి ఎవరైనా చెప్పండి ప్లీజ్, మా తమ్ముడి స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు. ఇంట్లో అందరికీ టెన్షన్, వాడికి తప్ప.

డ్రాయింగ్ మాస్టారు
నేను చెబుతానమ్మా, ఇది పిల్లలతో చాలాసార్లు గీయించిన బొమ్మ. ఇప్పుడున్న ముద్ర 2018 నవంబర్ 14న ప్రభుత్వం తీసుకున్నది. అమరావతి స్తూపం శిల్పాలు చూసి తయారు చేశారు. బయట కనపడే గుండ్రం ధమ్మచక్రం, బుద్ధుడు సారనాథ్‌లో మొదట బోధించిన ధర్మానికి గుర్తు. ఆ చక్రం చుట్టూ దండలాగా త్రిరత్నాలు ఉంటాయి. బుద్ధుడు, ధర్మం, సంఘం, ఈ మూడూ కలిపి త్రిరత్నం. వాటి మధ్య మధ్యలో ఆకులు, మణులు. తర్వాత పూసల వరుసలు మూడు, లోపలి వరుసలో 48, మధ్య వరుసలో 118, బయటి వరుసలో 148. నడుమ ఉన్నది పూర్ణఘటం, నిండు కుండ. దాని చుట్టూ నాలుగు పేటల దండ, దండకి ఒక పతకం, కింద పీట దగ్గరా పైన అంచు దగ్గరా ఆకుల చెక్కడం, కుచ్చుల గుడ్డ. అడుగున జాతీయ చిహ్నం, అశోకుడి సింహాలు.

కుండ ఎందుకు అని అడిగావు అబ్బాయ్. అమరావతి పలకల మీద నిండు కుండ మళ్లీ మళ్లీ వస్తుంది. కుండలోంచి తామర మొగ్గలు, విచ్చిన తామరలు గుబురుగా పైకి లేస్తాయి. నీళ్లు ఉన్నాయి, పంట ఉంది, ఇంట్లో కొరత లేదు అని చెప్పడానికి రాతిలో అంతకన్నా సూటి మార్గం లేదు. బౌద్ధానికి ముందూ ఉంది, తర్వాతా ఉంది. గుళ్లో పెద్దవాళ్లకి పూర్ణకుంభంతో ఎదురెళ్లడం ఇప్పటికీ ఉందిగా. ఉమ్మడి రాష్ట్రం పాత ముద్రలో కూడా నడుమ ఉన్నది పూర్ణకుంభమే. అంటే మారింది చుట్టూ ఉన్న అలంకారం, కుండ కాదు. పిల్లలకి ఇది చెబితే పాతదా కొత్తదా అనే గందరగోళం సగం తగ్గుతుంది. గీయాల్సింది మాత్రం కొత్తదే.

కావలి పిల్ల
48, 118, 148. రాసుకున్నా మాస్టారూ. వాడు అన్ని పూసలూ గీయాలా?

డ్రాయింగ్ మాస్టారు
లెక్క అక్కర్లేదమ్మా, మూడు వరుసలు కనపడితే చాలు. కుండ బాగా గీయమను.

ఫ్లెక్సీ అన్న
మాస్టారు పూసల లెక్క చెప్పారు కాబట్టి నా గోడు కూడా వినండి. ఒంగోల్లో నాది ప్రింటింగ్, రబ్బరు స్టాంపుల షాపు. పాత ముద్ర చిన్న స్టాంపులో కూడా కుండ కుండలాగా వచ్చేది. కొత్తది పెద్ద బోర్డు మీద చాలా అందంగా ఉంటుంది, కానీ స్టాంపు సైజుకి తగ్గిస్తే పూసల వరుసలు మూడూ కలిసిపోయి నల్ల చట్రం అయిపోతుంది, త్రిరత్నాలు చుక్కలైపోతాయి. జిరాక్స్ తీస్తే ఇంకా ఘోరం. పైగా నా దగ్గరికి వచ్చేవాళ్లు వాట్సాప్‌లో తిరిగి తిరిగి అరిగిన బొమ్మ తెచ్చి పది అడుగుల ఫ్లెక్సీ వేయమంటారు. కొందరు చోటు సరిపోలేదని అడ్డంగా సాగదీయమంటారు, చక్రం కోడిగుడ్డయిపోతుంది. నేను వేయను. రాష్ట్ర ముద్రని సాగదీయడం నాకు మనసొప్పదు.

సింగరాయకొండ సీను
అన్న షాపులో మా బావ పెళ్లి ఫ్లెక్సీ వేయించాం, మా బావని మాత్రం బాగానే సాగదీశాడు.

ఫ్లెక్సీ అన్న
మీ బావ ఉన్నదే అంత సీనూ.

ఉదయగిరి కోట
నాకు మాస్టారు చెప్పిన దాంట్లో ఒక అభ్యంతరం ఉంది. కుండ సరే, దాని చుట్టూ ఉన్నదంతా బౌద్ధం. రాజధానికి అమరావతి పేరు పెట్టారు, తర్వాత ముద్ర కూడా అక్కడి నుంచే తెచ్చారు. ఇందులో రాజకీయం లేదంటే నేను నమ్మను. రాయలసీమ, కోస్తా రెండింటినీ కలిపి ఏలిన విజయనగరం వాళ్ల గుర్తు వరాహం, పైన సూర్యచంద్రులు, పక్కన కత్తి. కృష్ణదేవరాయలు ఒరిస్సా గజపతి రాజుల దగ్గర మా ఉదయగిరి గెలిచింది 1514లో, ఏడాదికి పైగా ముట్టడి చేసి. చాళుక్యులదీ వరాహమే, కాకతీయులదీ వరాహమే. తెలుగు నేలని ఏలినవాళ్లలో ఇంతమందికి ఉమ్మడిగా ఉన్న గుర్తుని వదిలేసి ఒక్క ఊరి స్తూపం ఎందుకు?

పాత నాణేలు
ఉదయగిరి కోటా, నువ్వు చెప్పిన వరాహం రాజుల గుర్తు. నువ్వన్న మూడు వంశాలూ ఒకరితో ఒకరు పోరాడినవాళ్లో, ఒకరి తర్వాత ఒకరు వచ్చి లాక్కున్నవాళ్లో. ఎవరి వరాహం పెడతావు? కుండ ఏ రాజుదీ కాదు. స్తూపానికి దానాలిచ్చినవాళ్ల పేర్లు అమరావతి రాళ్ల మీద ఉన్నాయి, వాళ్లలో వర్తకులున్నారు, గృహస్థులున్నారు, ఆడవాళ్లు, భిక్షుణులు ఉన్నారు. చర్మకారుడు ఒకాయన పేరు కూడా ఉంది, ఆయన కుటుంబం ఇచ్చిన పలక మీద చెక్కింది నిండు కుండే. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. ఒక రాష్ట్రం ముద్రకి ఇంతకన్నా మంచి పుట్టుక నాకు తెలియదు.

ఉదయగిరి కోట
చర్మకారుడి పలక సంగతి నాకు కొత్త. అది బాగుంది. అయినా అమరావతి పేరు కలిసొచ్చిందనే ఎంచుకున్నారు అన్న మాట నేను వెనక్కి తీసుకోను.

పాత నాణేలు
తీసుకోవద్దు. ముద్రలు ఎప్పుడూ ఎవరో ఒకరు అధికారంలో ఉండి ఎంచుకునేవే. ఎంచుకున్నది ఎంత నిలుస్తుందన్నదే చూడాలి.

పులికాట్ గట్టు
మాది తడ పక్కన. రోజూ రెండు రాష్ట్రాల బోర్డులు చూసే బతుకు. తమిళనాడు ముద్రలో గుడి గోపురం ఉంది, పక్కన రెండు జాతీయ జెండాలు. 1949 నుంచీ అదే, పార్టీలు ఎన్ని మారినా ముట్టుకోలేదు. దేవుణ్ని నమ్మమని చెప్పిన పార్టీలు ఏలాయి, నమ్మొద్దని చెప్పిన పార్టీలు ఏలాయి, గోపురం అలాగే ఉంది. దాన్ని చూస్తే ఏ చదువూ లేనివాడికి కూడా ఇది తమిళనాడు అని తెలుస్తుంది. ఒరిస్సాది కోణార్క గుర్రం, కేరళది శంఖం, రెండు ఏనుగులు. మన ముద్ర చూసి ఎంతమంది గుర్తు పడతారు? నా బాధ ఇది. అర్థం గొప్పదే, దూరం నుంచి మాత్రం ఆనదు.

కోర్టువీధి సుజాత
పులికాట్ గట్టు చెప్పిన దాంట్లో అసలు మాట ముట్టుకోకపోవడం. తెలంగాణ చూడండి. 2014లో కాకతీయ తోరణం, దాని లోపల చార్మినార్ పెట్టి ముద్ర చేసుకున్నారు. 2024లో ప్రభుత్వం మారాక అవి రాచరికపు గుర్తులని తీసేసి కొత్తది పెడదామని చూశారు. వరంగల్‌లో, హైదరాబాద్‌లో జనం ఊరుకోలేదు, అది ఆగిపోయింది. పదేళ్లలో జనానికి ఆ ముద్ర మీద అంత మమకారం వచ్చింది. మనకి రాకపోవడానికి కారణం ముద్ర కాదు, దాని గురించి మనకి ఎవరూ చెప్పకపోవడం. మాస్టారు పైన రాసినంత వివరం నేను ఏ ఆఫీసు గోడ మీదా చూడలేదు.

ఒంగోలు గిత్త
అందరూ అన్నీ చెప్పారు, ఎద్దు సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదటి పోస్టులో అడిగాడు పాపం. పల్లవుల రాగి శాసనాల ముద్ర మీద ఉన్నది ఎద్దు. తొలి పల్లవుల శాసనాల్లో ముండరాష్ట్రం, కమ్మరాష్ట్రం అని వస్తాయి, అవి మన నెల్లూరు, ఒంగోలు వైపు భూములే. అంటే మన జిల్లాల మీద పడిన మొదటి రాజముద్రల్లో ఎద్దు ఉంది. ఇప్పుడు రాష్ట్ర జంతువు కృష్ణజింక, రాష్ట్ర పక్షి రామచిలుక, చెట్టు వేప, పువ్వు మల్లె. అన్నీ మంచివే, నాకు కోపం లేదు. కానీ ప్రపంచంలో మన నేల పేరు మోసుకు తిరుగుతున్న ప్రాణి ఒంగోలు గిత్త ఒక్కటే. బ్రెజిల్‌కి 19వ శతాబ్దంలో ఓడల మీద వెళ్లింది, ఇవాళ అక్కడి మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ జాతే. ఆ తెల్లటి మూపురం, ఆ నడక ఒక్కసారి చూసినవాడు ముద్రలో అది ఎందుకు లేదని అడుగుతాడు.

బెంగళూరు నెల్లూరోడు
బ్రెజిల్ వాళ్లు దాన్ని నెలోర్ అంటారు అన్నా, ఒంగోలు అనరు. ఆ విషయం మర్చిపోవద్దు.

ఒంగోలు గిత్త
అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరు పడింది. 1904లో గుంటూరు జిల్లాలో కలిపారు. ఎద్దు మాది, చిరునామా మీది.

కావలి పిల్ల
ఇక మొదలు. ఈ తగాదా మా తాతల నాటి నుంచీ ఉంది.

సింగరాయకొండ సీను
1970లో ప్రకాశం జిల్లా చేసినప్పుడు నెల్లూరు నుంచి, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి ముక్కలు తెచ్చి కలిపారు. 2022లో కందుకూరుని నెల్లూరులోకి పంపారు, చీరాల, అద్దంకి బాపట్లలోకి పోయాయి. ఇన్నిసార్లు గీతలు మారే జిల్లాకి ముద్ర పెడితే ఎన్నిసార్లు మార్చాలి? ఎద్దుకి మాత్రం ఏ గీతా అడ్డం కాదు, నా ఓటు ఎద్దుకే.

చీరాల మగ్గం
బాపట్లలోకి పోయినా నేను ఈ చర్చలోనే ఉంటాను, వెళ్లగొట్టకండి. సుజాత గారు జెండా లేదన్నారు, నిజమే. కానీ తెలుగువాళ్లకి జెండాతో ఉన్న సంబంధం ఇంకెవరికీ లేదు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభల్లో పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి ఇచ్చిన నమూనా ఎరుపు, ఆకుపచ్చ. గాంధీ గారు తెలుపు చేర్చమన్నారు, రాట్నం పెట్టారు. 1931లో ఎరుపు స్థానంలో కాషాయం వచ్చింది, 1947 జూలై 22న రాట్నం బదులు అశోకచక్రంతో రాజ్యాంగ సభ ఆమోదించింది. ఆ 1921లోనే మా చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు కట్టం అని ఇళ్లు వదిలి బయట పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట. ఒకే ఏడాది, పక్క పక్క జిల్లాలు. మనకి ప్రత్యేకంగా ఇంకో జెండా లేదని నేను బాధపడను. ఉన్న జెండా నేతలో మన దారం ఉంది.

ఉదయగిరి కోట
ఇది ఒప్పుకుంటాను.

కందుకూరు కుర్రోడు
అందరికీ థాంక్స్. జెండా విషయం తేలిపోయింది, మూడు రంగులదే. అయితే గోడ మీద కొత్త ముద్ర వేయించేస్తాం.

కోర్టువీధి సుజాత
ఆగు, వేయించొద్దు. మీది చందాలతో కట్టిన గది, ప్రభుత్వ గ్రంథాలయం కాదు. రాష్ట్ర ముద్రలో అశోకుడి సింహాలు ఉన్నాయి. జాతీయ చిహ్నాన్ని ప్రభుత్వానిది అనిపించేలా ప్రైవేటు వాళ్లు వాడకూడదని 2005 చట్టం ఉంది. రెండేళ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మంచి పని చేస్తూ ఇలాంటి దాంట్లో ఇరుక్కోవద్దు. పిల్లలు నోట్సులో, చార్టు మీద గీసుకోవడం వేరు, భవనం ముందు బోర్డులాగా పెట్టడం వేరు.

కందుకూరు కుర్రోడు
మరి గోడ ఖాళీగా వదిలేయాలా?

డ్రాయింగ్ మాస్టారు
ఎందుకు వదలాలి? ముద్ర ప్రభుత్వానిది, పూర్ణఘటం కాదు. సింహాలు, రాతలు, చక్రం ఏమీ లేకుండా ఒక్క నిండు కుండని శిల్పంలో ఉన్నట్టు పెద్దగా వేయండి, తామరలు పైకి లేస్తూ. ఎవరూ అడ్డు చెప్పరు. ఒక సంగతి గుర్తు పెట్టుకో, కుండ పొట్ట గుండ్రంగా నిండుగా రావాలి, మెడ సన్నగా, తామరలు కుండ కన్నా వెడల్పుగా విచ్చుకోవాలి. చాలామంది కుండని పెద్దది చేసి పూలని కురచ చేస్తారు, అప్పుడు అది పూలకుండీ అయిపోతుంది.

దొనకొండ స్టేషన్
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇక ఆగలేకపోతున్నాను. మన జిల్లా ఎక్కడుంది అని అడిగావు. ముద్రలో ఉన్న కళ అమరావతిలో మాత్రమే లేదు, మా చందవరంలో ఉంది. దొనకొండ పక్కనే, గుండ్లకమ్మ ఒడ్డున కొండ మీద పెద్ద స్తూపం. 1964లో బయటపడింది, 1970ల్లో తవ్వకాలు చేశారు. శాతవాహనుల కాలంది. కొండ మీద రెండు అంతస్తుల వేదిక, చుట్టూ చిన్న స్తూపాలు. అమరావతి తరహా సున్నపురాయి పలకలు అక్కడా దొరికాయి. మన జిల్లా ముద్రలో లేదనుకుంటున్నాం, ఆ శిల్పులు మన గుండ్లకమ్మ నీళ్లు తాగినవాళ్లే.

దీనికి ఇంకో కథ ఉంది, చెప్పకపోతే తప్పు. చందవరంలో దొరికిన పలకల్లో కొన్ని దొంగలు ఎత్తుకెళ్లారు. బుద్ధుణ్ని ఆరాధిస్తున్న జనం ఉన్న పలక ఒకటి ఎక్కడెక్కడో తిరిగి 2005లో ఆస్ట్రేలియా కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీకి అమ్ముడుపోయింది. అది దొంగ సొత్తని తేలాక 2016లో వాళ్లు మన దేశానికి తిరిగి ఇచ్చారు. కొత్త ముద్ర వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకి. దాని మీద త్రిరత్నాలు చూసినప్పుడల్లా నాకు ఆ పలకే కళ్లలో మెదులుతుంది.

కావలి పిల్ల
ఇది నాకు అస్సలు తెలియదు. స్కూల్లో ఒక్కరైనా చెప్పలేదు.

పాత నాణేలు
దొనకొండ స్టేషన్ గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. అదే శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది, అవి ఎక్కువగా దొరికింది మన తూర్పు తీరంలోనే. తర్వాత ఎప్పుడో 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మన తీరంలోని మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు, సముద్రం మీద వచ్చే వర్తకుల సరుకుకి భయం లేదని మాట ఇస్తూ. లోపల గుండ్లకమ్మ మీద స్తూపం, బయట సముద్రం మీద ఓడ. కుండకి ఒక పక్కన ఓడ వేసినా చట్టం అడ్డు రాదు కదా సుజాత గారూ?

కోర్టువీధి సుజాత
ఏ అడ్డూ లేదు.

ఒంగోలు గిత్త
రెండో పక్కన ఎద్దు.

బెంగళూరు నెల్లూరోడు
ఒంగోలు ఎద్దు అని కింద రాయకపోతే నేను రంగుకి డబ్బులు ఇస్తాను.

ఒంగోలు గిత్త
నెల్లూరు అని కూడా రాయకపోతే నేనూ ఇస్తాను.

ఉదయగిరి కోట
వరాహానికి చోటు లేదన్నమాట. సరే, లోపలి గోడ నాకు వదలండి.

ఫ్లెక్సీ అన్న
ఫ్లెక్సీ వద్దు తమ్ముడూ, ఎండకి ఏడాదిలో వెలిసిపోతుంది. గోడ మీద రంగుతో వేయించు. మా దగ్గర చేయి తిరిగిన ఆర్టిస్టు ఉన్నాడు, ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గి ఖాళీగా ఉన్నాడు. గోడ కొలతలు పంపు, సున్నం వేసి ఆరిందో లేదో కూడా చెప్పు, తడి గోడ మీద రంగు నిలవదు.

కందుకూరు కుర్రోడు
పది అడుగుల వెడల్పు, ఏడు ఎత్తు. సున్నం ఆరింది. దొనకొండ స్టేషన్ అన్నా, చందవరం రావాలంటే ఎలా? పిల్లల్ని తీసుకొచ్చి రాళ్లు చూపించి గీయించాలని ఉంది.

దొనకొండ స్టేషన్
గుంటూరు, మార్కాపురం మధ్య రైలు ఎక్కితే దొనకొండలో దిగొచ్చు, అక్కడి నుంచి ఆటో. పొద్దున్నే రండి, కొండ మీద నీడ ఉండదు. పెన్సిల్, అట్ట తెచ్చుకోమను. మంచినీళ్లు, మధ్యాహ్నం భోజనం సంగతి నేను చూసుకుంటాను, ఎంతమంది వస్తారో ముందు రోజు చెబితే చాలు.